పిచ్చేశ్వరరావు గారు, శుక్రుడి ఫోటో

పిచ్చేశ్వరరావు గారు ఫోటో తీయరు. తీయబోతారు, అంతే. గిలకలదిండిలో బోటు ఇంజన్లు బాగుచేసే ఆయన, సొంతంగా టెలిస్కోపు తయారుచేసుకుని దానికి కెమెరా బిగించి మూడేళ్లయింది. గురుడు, శని, కుజుడు అందరూ వచ్చి వెళ్లారు. కెమెరా రీల్లో మాత్రం ముప్ఫయ్యారు ఫ్రేములూ అలాగే ఉన్నాయి.

అంతా సిద్ధం చేస్తారు. తీరా నొక్కబోయే వేళకి, "గాలి కదులుతోంది, బొమ్మ వణుకుతుంది," అని కెమెరా విప్పేస్తారు. డాబా మీద ఎవరుంటే వాళ్లు కెమెరా తీసిన చోట కన్ను పెట్టి ఓసారి చూసి పోతారు.

"ఇంజను విప్పడానికి లేని భయం ఫోటోకెందుకండీ?" అనేది ఆయన భార్య రాజకుమారి.

రెండు వేల నాలుగు జూన్ ఎనిమిదిన శుక్రుడు నల్లచుక్కలా సూర్యుడి మీదుగా దాటబోతున్నాడు. నూట ఇరవై రెండేళ్ల తర్వాత మళ్లీ ఇప్పుడే. మూడు రోజుల ముందు నుంచే ఆయనకి అన్నం సయించలేదు.

"మబ్బు పడుతుందంటావా?"

"పడదండీ."

"సముద్రం వైపు చూశావా?"

"చూశాను."

"సరిగ్గా చూశావా?"

ఆ రోజు పదకొండింటికి పడనే పడింది. నాగాయలంకలో బావమరిదికి ఫోన్ చేస్తే, అక్కడ ఎండ. గుడివాడకి చేస్తే, అక్కడా ఎండే.

"మన డాబా మీదేనే!" అని కూలబడ్డారు.

నాలుగున్నరకి మబ్బు విడింది. శుక్రుడు దాటిపోవడానికి ఇక ఇరవై నిమిషాలే. గబగబా గొట్టం మూతికి ఎండ ఫిల్టరు తొడిగి, కెమెరా బిగించారు.

"నొక్కండి!" అంది రాజకుమారి.

మెట్ల మీద అలికిడి. చేపలమ్మే నాంచారమ్మ, ఖాళీ గంప చంకన పెట్టుకుని వచ్చింది.

"బాబూ, సూర్యుళ్లో చుక్కుందంటగా. నాకూ చూపిత్తావా?"

ఆయన కెమెరా వంక చూశారు. ఆమె వంక చూశారు.

"రా పిన్నీ. ఎలాగూ గాలి కదులుతోంది, ఫోటో రాదు," అని కెమెరా విప్పడం మొదలుపెట్టారు.

రాజకుమారి దండెం వంక చూసింది. ఆరేసిన చీర అంచు కూడా కదలడం లేదు. మూడేళ్లుగా డాబా ఎక్కినవాళ్లంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఎవరో ఒకరు వచ్చి నిలబడినప్పుడే గాలి కదిలేదని ఆవిడకి ఇప్పుడు తట్టింది.

గొట్టం అందక మునివేళ్ల మీద లేస్తున్న నాంచారమ్మకి స్టూలు తెచ్చి వేసింది.

నాంచారమ్మ ఎక్కి, ఒక కన్ను మూసుకుని చూస్తూ ఉండిపోయింది. పిచ్చేశ్వరరావు గారు ఆగలేకపోయారు.

"కనిపించిందా? ఉందా? పోయిందా?"

"ఉంది బాబూ," అంది ఆమె కన్ను తీయకుండానే. "నువ్వు కంగారు పడమాకు. నిదానంగానే పోతా ఉంది."