వెనకాల పరిగెత్తిన హవల్దారు గారు

హవల్దారు గారు పోయారు. ఢిల్లీలోని ద్వారక నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, పాపా నహీ రహే" అంది. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట హిందీలోనే వస్తుంది. నేను "అచ్ఛా" అన్నాను. చావు కబురుకి అచ్ఛా అనేవాడు ఉంటాడా? తర్వాత చెప్పులేసుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాను.

మన తెలుగు సంఘం పత్రికలో ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నారు. ఆయనతో పరుగు పందేలకి తిరిగినవాడివి నువ్వేగదా అన్నారు. నిజమే. నాకు రాయడం అలవాటు లేదు. మా ఊరి బడిలో చదివిన చదువే. అదీగాక, ఆ ఏడాది గురించి నాకు తెలుసనుకున్నది ఇప్పుడు తెలియకుండా పోయింది. ఏమైందో చెబుతాను.

కబురు తెలిసిన రెండోరోజు ద్వారకలో వాళ్ళ ఫ్లాటుకి వెళ్ళాను. అమ్మాయి మంచినీళ్ళిచ్చి పక్కన కూర్చుంది.

"అంకుల్, ఆప్‌కో పతా థా నా? పాపాకో రాత్‌కో దిఖ్‌తా హీ నహీ థా. పహలే సే."

చివరి రోజుల్లో ఆయనకి చూపు ఆనదని నాకు తెలుసు. ముసలితనం అనుకున్నాను. ఈ అమ్మాయి చెప్పేది వేరు. వయసులో ఉన్నప్పుడే ఆయనకి రేచీకటి అట. పటాలంలో ఎవరికీ తెలియనివ్వలేదట. తెల్లవారుజామున పరుగుకి వెళ్ళినప్పుడు ముందు నా తెల్ల బనీను ఒక్కటే కనపడేదట. దాన్ని పట్టుకుని వచ్చేవారట. ఈ మధ్య కంటి డాక్టరు దగ్గర ఆయనే ఒప్పుకున్నారట.

వంటింట్లోంచి వదినగారు, అంటే హవల్దారు గారి భార్య, విన్నారు. ఆవిడ ఇన్నేళ్ళయినా శ్రీకాకుళం మాట వదల్లేదు.

"దానికేటి తెలుసు మరిదీ. అప్పటికి సంకలో గుంట అది. నువ్వు బిడియస్తుడివి. పదిమందిలోకి ఒక్కడివీ ఎల్లలేవు. ఎనకాల మనిషుంటే గానీ నీకు కాలు కదలదు. నీకోసరమే ఆయనొచ్చీవోరు."

"మమ్మీ, డాక్టర్ కే సామ్‌నే ఖుద్ బోలా పాపానే."

"ఆ డాక్టరు ఈయనతో పరిగెత్తినాడేటి?"

తల్లీ కూతురూ ఇద్దరూ నా వైపు చూశారు, నేను తీర్పు చెబుతానన్నట్టు. నేను మంచినీళ్ళు తాగాను.

ఏషియాడ్ ఆటలు అయిన మరుసటి ఏడు సంగతి. ఢిల్లీలో అప్పుడు అందరికీ పరుగు పిచ్చి పట్టింది. ఏ ఆదివారం చూసినా ఎక్కడో ఒక పందెం. నేను కంటోన్మెంటులో ఒక స్టోర్సు డిపోలో మూటలు కట్టే పని చేసేవాణ్ణి. పాలం దగ్గర అద్దె గది. బస్సులో జనాన్ని తోసుకుని ఎక్కడం నాకు చేతకాదు. అందుకని డ్యూటీకి పరిగెత్తుకుంటూ పోయేవాణ్ణి.

ఒక తెల్లవారుజామున కుక్క వెంటపడింది. నోట్లోంచి తెలుగు తిట్టు వచ్చింది. క్వార్టర్ల గేటు దగ్గర దీపం కింద ఒకాయన నిలబడి ఉన్నారు.

"ఏటోయ్, తెలుగోడివా? ఎవులు తరుముతున్నారు నిన్ను?"

"కుక్కండీ."

"కుక్క ఎప్పుడో ఆగిపోనాది. నువ్వింకా పరిగెడతన్నావు."

అలా పరిచయం. ఆయన స్టోర్సులోనే హవల్దారు. నలభై దాటాయి. ఆ చలికాలం ఆయనకి పరుగు పరీక్ష ఉంది. అది తప్పినా, ఒంట్లో లోపం ఉందని డాక్టర్లు రాసినా, పూర్తి పింఛను అందకముందే ఇంటికి పంపేస్తారేమోనని ఆయన భయం. ఊళ్ళో పొలం లేదు. చిన్నపిల్లలు. "నాతో పరిగెత్తవోయ్. పందేలకి కూడా ఎల్దాం. పదిమందిలో పరిగెడితే కాలు తేలికవుద్ది" అన్నారు. పరీక్ష గురించి చెప్పారు. కళ్ళ గురించి చెప్పలేదు. నిజంగా రేచీకటి ఉంటే నాకెందుకు చెప్పలేదో అర్థం కాదు. నేను ఎవరితో చెబుతాను? నేను ఎవరితోనూ మాట్లాడనని ఆయనకి తెలుసు.

ఆయన పెట్టిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. "నువ్వు ముందు ఎల్లు, నానెనకాలొస్తాను" అనేవారు. "ఎనక్కి సూడకు. ఎనక్కి సూసినోడు తడబడతాడు" అనేవారు. ఇంకోటి బనీను. తెల్లగా ఉండాలి. చలికి స్వెట్టరు వేసుకుంటే దాని మీద బనీను వేయించేవారు. స్వెట్టరు మీద బనీను వేసిన మనిషిని మీరు ఎక్కడైనా చూశారా? డిపోలో నన్ను చూసి నవ్వేవాళ్ళు. ఆ బనీను కూడా నన్ను ఉతకనిచ్చేవారు కాదు. వదినగారు తీసుకుపోయి నీలిమందు పెట్టి ఉతికి పంపేవారు. ఇంకొకరి ఇల్లాలు నా బనీను ఉతకడం ఏమిటని సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. వద్దంటే, "నీ ఉతుకుడుకి అది గోనెసంచి రంగొచ్చేసినాది, ఇలా తే" అనేవారు ఆవిడ.

మరి ఇప్పుడు ఆ బనీను సంగతి ఆవిడకి తెలియదంటే ఎలా నమ్మను? అబద్ధం ఆడే మనిషీ కాదు. నాకు పాలుపోవడం లేదు.

ఆ ఏడాది చాలా పందేలు పరిగెత్తాం. మేమేమీ గెలిచేవాళ్ళం కాదు. మధ్యలో ఎక్కడో ఉండేవాళ్ళం. అరటిపళ్ళు ఇచ్చేవారు, తిని వచ్చేవాళ్ళం. ఒకసారి మాత్రం నాకు ఫ్లాస్కు వచ్చింది. మూత లేదు. అది చూసి వదినగారు, "బహుమతిచ్చారా మరిదీ, బాగుసేయించుకు రమ్మని అప్పజెప్పారా?" అన్నారు. హవల్దారు గారు నవ్వి నవ్వి దగ్గారు. అందులోనే టీ పోసుకుని, పైన గ్లాసు బోర్లించి, ఎన్ని పొద్దులు తాగామో.

ఎండకాలం పందేల్లో కూడా ఆయన వెనకాలే. అప్పుడు తెల్లవారేది తొందరగా. వెలుతురు బాగానే ఉండేది. ఇది అమ్మాయికి చెబుదామనుకున్నాను. మళ్ళీ అనిపించింది, అలవాటై ఉంటుంది అని. నాకు కూడా అలవాటైంది. వెనకాల ఆయన బూట్ల చప్పుడు వినపడకపోతే నా ఊపిరి తప్పేది. వదినగారన్నది కూడా అబద్ధం కాదు.

పరీక్షకి కొద్దిరోజుల ముందు ఆఖరి పందెం. పొగమంచు. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. దారిలో ఒక చౌరస్తా దగ్గర సున్నం కొట్టిన తారు డబ్బా పెట్టాం, దాన్ని చుట్టి వెనక్కి రండి అని పందెం పెట్టినవాళ్ళు చెప్పారు. కొంతదూరం పోయాక నాకు ఎవరూ కనపడలేదు. భయమేసింది. అంతలో ముందు ఒక మనిషి గబగబా పరిగెడుతున్నాడు. హమ్మయ్య అనుకుని వాడి వెంట పడ్డాను. నా వెనక హవల్దారు గారు. వాడు కుడికి తిరిగితే మేమూ తిరిగాం. వాడు వేగం పెంచితే మేమూ పెంచాం. చివరికి వాడు కదులుతున్న బస్సు ఎక్కేశాడు. వాడు బస్సు కోసం పరిగెత్తే మనిషి.

బస్సు ఆగింది, మా కోసమే. కండక్టరు తలుపులోంచి వంగి "చఢో భాయ్, జల్దీ" అని చెయ్యి కూడా చాపాడు. హవల్దారు గారు రొప్పుతూ "నహీ భయ్యా, హమ్ రేస్ మే హై" అన్నారు. కండక్టరు మా గుడ్డ నంబర్లు చూసి, నా స్వెట్టరు మీద బనీను చూసి, "అచ్ఛా, కిస్ కే సాథ్? బస్ కే సాథ్?" అన్నాడు. పందెం బస్సుతోనా అని బస్సు నిండా నవ్వు.

నేను ఆయన్ని అడిగాను. "హవల్దారు గారూ, ఈ కంటోన్మెంటు రోడ్లన్నీ మీకు కంఠతా గదా. తప్పుదారని చెప్పలేదేం?"

"నాకేటి తెలుసు. ముందున్నోడివి నువ్వు" అన్నారు.

హాస్యం అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు, ఏడుపూ రావడం లేదు. కనపడక అన్నారా? నేను చిన్నబోతానని అన్నారా?

పరీక్ష ఆయన నెగ్గారు. అది పగటిపూట పెట్టారు. పింఛనూ వచ్చింది. ఆ పింఛనుతోనే పిల్లల్ని చదివించారు. దాని కోసం ఆయన నన్ను కర్రలాగా పట్టుకున్నారంటే నాకు కష్టమేమీ లేదు. సంతోషమే. కానీ నాకు చెప్పి పట్టుకుని ఉంటే ఇంకా బాగుండేది. చౌరస్తా దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా తిరిగేవాణ్ణి.

బస్సు వెళ్ళిపోయాక నేను నడిచి ఇంటికి పోదామన్నాను. పందెం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఆయన ఒప్పుకోలేదు. "మొదలెట్టినాం గదా, పూర్తి సేసీద్దాం" అన్నారు. తిరిగి పరిగెత్తాం. సగం దారిలో పొగమంచు విడిపోయింది. ఎండ వచ్చింది. దూరంగా మైదానంలో టెంట్లు విప్పుతున్నవాళ్ళు, ఒక్కొక్క గుంజా, అన్నీ కనపడుతున్నాయి. ఎవరికైనా కనపడతాయి. నేను పక్కకి జరిగాను, ఆయన ముందుకి వెళ్ళమని. ఆయన వెళ్ళలేదు. అలాగే వెనకాలే వచ్చారు.

ఎండ మా వీపుల మీద పడుతోంది. చలికాలం ఎండ, నీడలు బాగా పొడుగు. ఆయన నీడ నన్ను దాటి నా కాళ్ళ ముందు రోడ్డు మీద పరుచుకుంది. తల, భుజాలు, ఊగుతున్న చేతులు. తొక్కకుండా పరిగెడదామని చూశాను. కుదరలేదు. ఎంత వేగంగా పోయినా అది నాకంటే ముందే ఉంది.