సొరముక్కల మీద తెల్లపొడి

మా అత్త ఆదిశేషమ్మకు రెండు పూటలా వేపాకు పొగ వెయ్యకపోతే అన్నం సయించదు. మైపాడు ఒడ్డున మా ఇంటి ముందర సొరచేప ముక్కలు ఎండబెట్టేది. ఉప్పూ పసుపూ పట్టించి, చిరిగిన పాత వల కప్పి, పక్కన పచ్చి వేపాకు రాజేసేది. కొత్త మందులేవీ గడప తొక్కనిచ్చేది కాదు. నిజం చెప్పొద్దూ, ఆ పొగకు నాకు ఒళ్ళు మండేది.

అరవై రెండులో నేను ఇరవై రోజుల బాలింతను. పొగకు పసిదానికి దగ్గు.

"ఆ పొగ ఆపకూడదా అత్తా?" అన్నాను.

"ఈగలు ముసిరిన చేప నీకు పెట్టేదా? పాలు పడాలంటే సొరపుట్టు తినాల గదే!" అని కసిరింది. ఆ ముక్కలన్నీ నాకోసమే.

ఆమె రేవుకు పోయిన పూట చూసి, మా ఆయన ముత్యాలయ్య నెల్లూరి నుంచి తెచ్చిన నల్లుల మందు ముక్కల మీద ముగ్గులా చల్లాను. ఈగలు టపటపా రాలాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈగను చంపేది మనిషినేం చేస్తుందిలే అనుకున్నాను, బుద్ధి గడ్డి తిని!

మూడోనాడు అత్త ఆ తెలుపు ఉప్పేననుకుని ముక్కలు ఒలిచి, తోలు పిల్లికి వేసి, ఉడికించి చిదిమి సొరపుట్టు వండింది. నేను ఒక ముద్ద మింగాను. రెండోది నోటి దగ్గరుండగా పిల్లి గిలగిలా కొట్టుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. నోట నురగ.

"ఏం చేసినావే?" అని అత్త కంచం లాగేసింది. గూట్లోని పొడి పొట్లం చూపించాను. అయ్యో, ఆమె మొహాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

ఉయ్యాల్లో బిడ్డ గుక్కపెట్టింది. పాలు చేపుకొచ్చి నా రవిక తడిసిపోయింది. చేతులు చాచాను. అత్త అడ్డంగా నిలబడింది.

"వద్దు తల్లీ, ఇప్పుడొద్దు" అంది. నన్నెప్పుడూ తల్లీ అని పిలిచిన మనిషి కాదు.

బిడ్డకు మేకపాలు పట్టించింది. ముక్కలు సముద్రంలో పారేద్దామని మా ఆయన అంటే, "ఆడ ఉండేవి ప్రాణాలు కావా?" అని కరిచినంత పనిచేసింది. పెరట్లో లోతుగా గుంట తవ్వించి, పిల్లితో సహా పూడ్పించింది. వారం రోజులు నేను నా పాలు పిండి నేలపాలు చేశాను.

నాకేమీ కాలేదు. ఎనిమిదోనాడు అత్త బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. బిడ్డ మొహం తిప్పేసుకుంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తిప్పేసుకుంది. నేను బావురుమన్నాను.

"పట్టుద్దిలే, ఆకలైతే అదే పట్టుద్ది" అంటూ అత్త నా తల నిమిరింది. ఆమె కూడా ఏడుస్తోంది.