పరామర్శ డబ్బాలు

మద్రాసు పురసవాక్కం బట్టల కొట్లో పట్టుచీర పరచడంలో జనార్దనాన్ని మించినవాడు లేడు. అలాంటివాడికి పార్కిన్సన్స్ పట్టుకుంది. వణికే చేతిలో జరీ ఇంకా తళతళలాడి బేరం తొందరగా కుదిరేది, అది వేరే సంగతి! తంటా అంతా మడత పెట్టడంలోనే. వేళ్ళు బిగుసుకుపోయేవి. దీపావళి దాకా ఇంట్లో ఉండి ఒళ్ళు చూసుకోమన్నాడు కొట్టు యజమాని ముదలాళి. అప్పటికీ కుదరకపోతే వాకిట్లో చెప్పులు కాచే కుర్చీ ఇస్తానన్నాడు. పట్టు అమ్మినవాడు చెప్పులకు టోకెన్లివ్వడమా! జనార్దనానికి తల కొట్టేసినట్టయింది.

పరామర్శకు వచ్చిన చుట్టాలు వట్టి చేతులతో వస్తారా? తలా ఒక ప్రొటీన్ పొడి డబ్బా తెచ్చారు. అలమర నిండి, డబ్బాలు దేవుడి గూట్లోకీ ఎక్కాయి. అతని భార్య పంకజం మహాతల్లి, చెంచాడు కూడా వృథా పోనివ్వదు.

"ఇంగ్లీషు మాత్ర సూడయ్యా! పాలతో మింగితేనే ఒంటికి పడతాది" అంటూ మాత్ర వేసినప్పుడల్లా లోటాడు పాలలో పొడి కలిపి తాగించేది. చెయ్యి ఇంకా మొండికేసింది. అది విని ఇంకొందరు వచ్చారు. ఇంకొన్ని డబ్బాలు.

ఒకనాడు జోరువానకు పాలు రాలేదు. జనార్దనం మాత్ర నీళ్ళతో మింగాడు. కాసేపటికి ఊరికే దండెం మీది చీర తీసి మడిచాడు. అంచుకు అంచు కలిసింది! ఇద్దరూ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు.

"రోజూ మాత్ర దేనితో ఇస్తున్నారు?" అన్నాడు డాక్టరు.

పంకజం గర్వంగా చెప్పింది. డాక్టరు తల పట్టుకున్నాడు.

"ఆ పాలు, ఆ పొడి మాత్రను ఒంట్లోకి ఎక్కనివ్వవమ్మా. తిండికి అరగంట ముందు, వట్టి నీళ్ళతో ఇవ్వండి."

బస్టాపులో పంకజం బావురుమంది. "నా చేతులారా నేనే చెడిపితినా?"

"ఏడవబాకమే. నువ్వేమన్నా విషం పెట్టినావా, పాలే గదా" అన్నాడు కానీ, ఆమె ప్రేమ తలచుకుంటే అతనికీ కళ్ళు చెమ్మగిల్లాయి.

దీపావళికి ముందు ముదలాళి కుర్చీ సంగతి తేల్చడానికి ఇంటికే వచ్చాడు. జనార్దనం పెళ్ళాం పెళ్ళిచీర తెచ్చి, విప్పి, పరచి, మళ్ళీ మడిచి ఆయన ఒళ్ళో పెట్టాడు. కాస్త నిదానంగానే, కానీ ఒక్క ముడత లేదు.

"సరి, రేపు పట్టు సెక్షన్‌కే వచ్చెయ్" అంటూ ముదలాళి సంచిలోంచి ప్రొటీన్ పొడి డబ్బా తీశాడు.

పంకజం రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"ఈడ వద్దు సామీ! ఆ కుర్చీలో ఎవురు కూర్చుంటారో వాళ్ళకియ్యండి."