ఎడమపక్క తలుపు

అల్యూమినియం రేకును పాలిష్ పెట్టి గుడ్డతో రుద్దుతుంటే ఒక ఘాటైన వాసన వస్తుంది. మొన్న మిషిగన్‌లో ఒక సరస్సు ఒడ్డున, పాత ట్రైలర్ల మీద మోజున్నవాళ్లు కూడినచోట ఆ వాసన ముక్కుకు తగలగానే వాల్టర్ వచ్చి నా పక్కన నిలబడ్డట్టయింది. ట్రైలరంటే కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. అవి తయారుచేసే షెడ్డులో వాల్టర్ మా మేస్త్రి. నాకు రేకుపని నేర్పినవాడు. పోయి చాలా ఏళ్లయింది.

నన్నక్కడికి తీసుకెళ్లినవాడు ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా పక్కింటి ప్రసాదు. కార్ల కంపెనీలో ఇంజినీరు. ఈమధ్యే ఒక పాత ట్రైలర్ కొన్నాడు. అక్కడ పదిమంది ఒక బల్ల చుట్టూ మూగి, ఎవరికో పాత సామాన్లలో దొరికిన ఫోటోను చూస్తూ తలలు పట్టుకుని ఉన్నారు. ఫోటోలో ఒక ట్రైలర్, దాని ముందు ఒక మనిషి.

"అంకుల్, డోర్ చూడండి, రాంగ్ సైడ్ ఉంది. ఇక్కడ ఎప్పుడూ కుడిపక్కే కదా, రోడ్డు అంచు వైపు. నెగటివ్ తిరగేసి ప్రింట్ చేసుంటారు. అందుకే ఫ్లిప్ చేసి పెద్దది చేయించారు. వీళ్ల పాత ట్రైలర్ల ఆల్బమ్‌లోకి అదే వెళ్తుంది" అన్నాడు ప్రసాదు.

ఆ మనిషి వాల్టర్. నాకు ఒళ్లు మండింది.

బడిలో నేను చదివింది తక్కువ. ఇంగ్లీషూ కొలతలూ లైబ్రరీ పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవే. షెడ్డులో చేరిన కొత్తలో ఒకరోజు వాల్టర్ సుద్దముక్క నా చేతికిచ్చి, "ఇవాళ తలుపు గీత నువ్వే గియ్యి" అన్నాడు. రెండు గోడల రేకులూ బల్లల మీద పరిచి ఉన్నాయి. నా కాళ్లింకా మన రోడ్ల మీదే ఉన్నాయి. మన దగ్గర బండి ఎడమవైపు పోతుంది, ఎడమవైపే దిగుతాం. ఎడమ గోడ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా గీశాను. నన్ను నమ్మి అతను కోశాడు. గోడలు నిలబెట్టాక గాని తెలియలేదు, ఆ తలుపు తీసి కాలు కింద పెడితే నేరుగా లారీల ముందుకేనని.

"ఎవడు గీశాడిది?" అని యజమాని అరిచాడు. నేను సుద్దముక్కను జేబులోకి తోసేశాను.

"నేనే" అన్నాడు వాల్టర్, నా వైపు చూడకుండా.

కొనవలసినవాళ్లు వద్దన్నారు. దాన్ని వాల్టరే తీసుకున్నాడు. అతను పని మానేదాకా తోటివాళ్లు, "వాల్టర్, నీ బండి ఇంగ్లండులో అమ్ముకోరాదూ!" అని ఏడిపిస్తూనే ఉన్నారు. అతను నవ్వేవాడు. వాళ్లతోపాటు నేనూ నవ్వేవాణ్ని. అది తలచుకుంటే ఇప్పటికీ మొహం చెల్లదు.

ఆ తప్పు బయటపడ్డ మర్నాడు వాల్టర్ నన్ను తిట్టలేదు. కొత్త రేకు ముందు నిలబెట్టి, "డానియేల్, గీసే ముందు ఒకసారి బండి దిగు" అన్నాడు. బండేదీ అక్కడ? ఉత్త నేల మీద, తలుపు తీస్తున్నట్టు చెయ్యి చాచి, మెట్టు దిగుతున్నట్టు కాలు వేశాను.

"కాలెక్కడ పడింది?"

"గడ్డి మీద."

"అయితే గియ్యి."

"ఎవరు తిప్పమన్నారయ్యా మిమ్మల్ని?" అన్నాను బల్ల దగ్గర ప్రసాదుతో.

"అందరూ డిస్కస్ చేసే, అంకుల్..."

"ఇంతింత చదువుకున్నారు! తలుపు చూశారు, చక్రాలు చూశారు. మనిషిని చూశారా? చొక్కా జేబెటుంది? మీరు తిప్పినదాంట్లో అతని కుడి రొమ్ము మీదికొచ్చింది. నీ చొక్కా తడుముకో."

ప్రసాదు చెయ్యి ఎడమ రొమ్ము మీది జేబు దగ్గరికి పోయింది. మెల్లగా అడిగాడు: "అయితే డోర్ నిజంగానే అటుందా? ఆయన మిస్టేకా, అంకుల్?"

యజమాని అడిగిన ప్రశ్నే. ఈసారి జవాబు చెప్పడానికి వాల్టర్ లేడు.

"గీసింది నేను" అన్నాను. బల్ల చుట్టూ ఉన్న అందరికీ వినబడేలా ఇంగ్లీషులో మళ్లీ అన్నాను.

తిప్పిన ఫోటో తీసేశారు. అసలుదాన్ని ఆల్బమ్‌లో అంటించి, కలం నాకే ఇచ్చారు. 'కట్టినవాడు వాల్టర్. తలుపు తప్పుగా గీసినవాణ్ని నేను' అని రాసి సంతకం పెట్టాను. ఒక్క గీతా వంకరపోలేదు.

సాయంత్రం ప్రసాదు మా ఇంటి ముందు కారాపాడు. తలుపు తీసి, కాలు బయటపెట్టకుండా ఒక్క క్షణం ఆగాను. ఎన్నేళ్లయినా ఆ ఆగడం పోలేదు.

"ఏంటంకుల్, దిగరా?"

కింద గడ్డి ఉందని చూసుకుని, అప్పుడు దిగాను.