ఒకే గీత మీద నాలుగు చుక్కలు

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. కానీ బడిలో పిల్లలూ, వాళ్ళని దింపడానికొచ్చే తల్లులూ, ఆఖరికి పాలు పోసే ఆయనా 'ఒకవేళ టీచర్' అనే అంటారు. ఎదురుగా కాదు లెండి, ఆవిడ కాస్త అటు తిరిగాక. ఎందుకంటే ఎవరేం చెప్పినా ఆవిడ నోట్లోంచి ముందు ఊడిపడేది ఆ మాటే. పాలు చిక్కగా ఉన్నాయి చూడండమ్మా అంటే, ఒకవేళ పిండి కలిపితే? బస్సు వచ్చేస్తోందండీ అంటే, ఒకవేళ అది మనది కాకపోతే? పెళ్ళయిన కొత్తలో మొగుడు మురిసిపోయి, "నువ్వు దొరకడం నా అదృష్టమోయ్" అన్నాడట. "ఒకవేళ ఇంకొకామె దొరికుంటే ఆవిడతోనూ ఇదే అనేవారుగా" అందట ఈవిడ. పాపం, ఆయన ఇంకా జవాబు వెతుక్కుంటూనే ఉన్నాడు.

ఇంట్లో ఇంత ఇబ్బంది పెట్టే గుణం లెక్కల పోటీకి మాత్రం భలేగా పనికొచ్చింది. ఊళ్ళో బళ్ళన్నిటికీ కలిపి ఏటా ఒక పోటీ పెడతారు. లెక్కలంటే కూడికలూ తీసివేతలూ అనుకునేరు. ఇవి వేరే రకం. చుక్కలుంటాయి, గీతలుంటాయి. చుక్కలు ఎన్నో చెప్పరు, ఎక్కడున్నాయో చెప్పరు. మీరు వాటిని ఎలా పెట్టినా సరే ఫలానాది జరిగి తీరుతుందని నిరూపించమంటారు. ఆ 'ఎలా పెట్టినా' అన్నచోటే ఒకవేళ టీచర్‌కి ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరో ఎక్కడో తనని మోసం చేస్తున్నట్టుంటుంది.

ప్రశ్నలు తయారుచేసేది ఆవిడ మరిది. కాలేజీలో పాఠాలు చెబుతాడు, మెత్తని మనిషి. ఆయన ప్రశ్న రాసుకుని అన్నగారింటికొస్తాడు. వదిన పాత పీట ఒకటి తీసి బల్ల మీద పెడుతుంది. దాని నిండా మేకులు, కొన్నిటికి ఎర్ర రంగు, కొన్నిటికి నీలం. కుట్టుపెట్టెలోంచి దారం వస్తుంది. ఇక మరిది కట్టడం, వదిన విప్పడం. విరిగిపోకుండా మిగిలిన ప్రశ్నే పోటీకి వెళుతుంది.

ఈ ఏడాది ఆయన తెచ్చిన ప్రశ్న ఇది. ఎర్ర చుక్కలు ఎన్నో నీలం చుక్కలూ అన్నే. ఒక్కో ఎర్రదాన్ని ఒక్కో నీలందానితో తిన్నని గీత గీసి జతకలపాలి. ఏ రెండు గీతలూ తాకకూడదు. చుక్కలు ఎలా పెట్టినా ఇది కుదురుతుందని నిరూపించండి.

"చూడు వదినా, ఎంత ముద్దుగా ఉందో," అంటూ మరిది దారం కట్టి చూపించాడు. "రెండు దారాలు అడ్డంగా దాటుకున్నాయనుకో. కొసలు మార్చి కట్టు. దారం తక్కువ పడుతుంది. కాబట్టి అన్నిటికంటే తక్కువ దారం పట్టేలా కడితే, అందులో దాటుకునేవి ఉండనే ఉండవు."

"బానే ఉంది. ఒకవేళ చుక్కలన్నీ ఒకే గీత మీద ఉంటే?"

వదిన రంగు పెన్సిళ్ళు తీసుకుని ఆ కాగితం అంచునే వరసగా నాలుగు చుక్కలు పెట్టింది. ముందు రెండు ఎర్రవి, తరవాత రెండు నీలంవి. "ఇప్పుడు కలుపు." మొదటి ఎర్రది ఏ నీలందాని దగ్గరికి పోవాలన్నా రెండో ఎర్రదాన్ని తొక్కుకునే పోవాలి. మరిది అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి టీ చల్లారిపోయిందని అలిగాడు. అలిగి, ప్రశ్నలో ఇంకో వాక్యం చేర్చాడు: ఏ మూడు చుక్కలూ ఒకే గీత మీద లేవు. అచ్చయింది అదే. ఆ మొదటి కాగితం మాత్రం టీచర్ బీరువాలో పై అరలో పెట్టి తాళం వేసింది. ఒకవేళ ఎవరైనా చూస్తే?

ఆ తాళమే కొన్నాళ్ళకి పట్టేసింది. తాళాలు బాగుచేసే ఆయన్ని పిలిస్తే వచ్చి, బీరువా ముందు బాసింపట్టు వేసుక్కూర్చుని తీసిపెట్టి వెళ్ళాడు. ఆ రోజే పొయ్యి మీద పాలు పొంగి గిన్నె అడుగు బొగ్గయింది. దాన్ని తోమలేక మొగుడు సణిగిన సణుగుడు పక్కింటివాళ్ళక్కూడా కంఠతా వచ్చేసింది.

పోటీ అయింది. జవాబులు దిద్దే పని ఒకవేళ టీచర్‌దే. పేరు రాసిన మూల మడిచి అంటిస్తారు, ఎవరి కాగితమో తెలియదు. ఆదివారం బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కటీ తిరగేస్తోంది. సగం మంది ఒక్క బొమ్మ గీసి, ఇక్కడ కుదిరింది కనక అంతటా కుదురుతుంది అని తేల్చేశారు. ఇంతలో ఒక కాగితం వచ్చింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి గానీ విషయం నిటారుగా ఉంది. తక్కువ దారం, కొసలు మార్చడం, అన్నీ ఉన్నాయి. టీచర్ సంతోషంగా పూర్తి మార్కులు వేయబోయి, కింద చూసి ఆగిపోయింది.

కింద రంగు పెన్సిళ్ళతో నాలుగు చుక్కలు. ఒకే వరసలో. రెండు ఎర్రవి, రెండు నీలంవి. పక్కన, 'ఇలా ఉంటే కుదరదు'.

ప్రశ్నలోనే లేవని చెప్పిన చుక్కల్ని ఎవరైనా ఎందుకు గీస్తారు? అడగని దానికి జవాబు ఎందుకు? ఈ బొమ్మ ఒక్కచోటే ఉంది, తన బీరువాలో. దాన్ని చూసినవాళ్ళు ఇద్దరే, తనూ మరిదీ.

వెంటనే ఫోను చేసింది. "ఈ మధ్య ఎవరికైనా ఇంట్లో పాఠాలు చెబుతున్నావా?"

"లేదు వదినా. ఏం?"

"ఒకవేళ చెబుతూ మరిచిపోయావేమో."

కాగితం సంగతి చెప్పాక ఆయన గొంతు మారిపోయింది. "నేను అమ్ముకున్నానంటావా? ఇంతకాలం నీ పీట ముందు కూర్చుని నా ప్రశ్నలన్నీ విరగ్గొట్టించుకున్నది ఇందుకా?"

"అనలేదయ్యా. అన్ని కేసులూ చూస్తున్నాను."

"నేనూ ఒక కేసునే అయిపోయానన్నమాట. చూసుకో," అని పెట్టేశాడు.

మర్నాడు టీచర్ పోటీ నడిపే కార్యదర్శి దగ్గరికి వెళ్ళి ఆ కాగితం మూల విప్పించింది. ఆయన పేరు చదివి, "ఓ, ఈ పిల్లా? పెద్ద మేడ మెట్ల కింద తాళాల కొట్టు లేదూ, ఆయన కూతురు" అన్నాడు.

టీచర్ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఇక చెప్పేదేముంది. బీరువా తలుపు తెరిచి ముందు కూర్చున్న మనిషి. పై అరలో కాగితం. ఇంట్లో కూతురు. మరిదిని అన్న మాటలకి గుండెలో ముల్లు గుచ్చుకుంది గానీ, దాని పక్కనే లెక్క కుదిరిందన్న తృప్తి కూడా ఉంది.

బీరువా సంగతి ఆవిడ చెప్పగా కార్యదర్శి అంతా విని గొంతు తగ్గించాడు. "పెద్ద పోటీకి వెళ్ళే మన ఊరి జట్టులో చివరి చోటు ఆ పిల్లదే. రేపు పొద్దున పేర్లు పంపేయాలి. మీరు అనుమానం ఉందని ఒక్క ముక్క రాసివ్వండి, తీసేసి తరవాతి వాణ్ణి వేస్తాను. రాయకపోతే అలాగే పోతుంది. వచ్చే ఏడు మాత్రం ఆ పిల్లకి వయసు దాటిపోతుంది, అది మీకు తెలియాలి కదా అని చెబుతున్నా."

ఇంటికొచ్చి కాగితం, కలం ముందేసుకుంది. మొగుడు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి విషయం అడిగాడు. చెప్పింది.

"అయితే రాసెయ్," అన్నాడు ఆయన.

"రాస్తున్నానుగా."

"రాయి, రాయి. ఒకవేళ ఆ పిల్లే ఆలోచించి గీసి ఉంటే అన్న కేసు కూడా చూసేసే ఉంటావు."

టీచర్ తలెత్తి చూసింది. "నన్ను ఎగతాళి చేస్తున్నారా?"

"నాకంత ధైర్యమెక్కడిదోయ్. ఇంతకాలం వింటున్న మాట, ఎప్పుడైనా తిరిగి ఇచ్చేద్దామని."

ఆవిడ కలం మూత పెట్టేసింది. చెప్పులేసుకుంది. దారిపొడుగునా పెదాలు కదుపుతూ నడిచిందట, ఎదురొచ్చిన పాలాయన నమస్కారం పెట్టినా చూడకుండా. ఎక్కడా అచ్చుకాని, మరిదికి కూడా చెప్పని ప్రశ్న ఒకటి తయారు చేసుకుంటోంది మరి.

మెట్ల కింద ఆ కొట్టు ఒక మనిషి కూర్చుంటే ఇంకో మనిషి నిలబడేంత ఉంటుంది. గోడ నిండా తాళంచెవులు. ఆయన ఆకురాయితో తాళంచెవి అరగదీస్తున్నాడు. బడి సంచి ఒళ్ళో పెట్టుకుని పిల్ల పక్కనే ఎత్తుపీట మీద కూర్చుంది.

"రండి టీచరుగారూ. బీరువా మళ్ళీ పట్టేసిందా?"

"లేదు, ఇంకో చెవి చేయించుకుందామని. ఒకవేళ ఉన్నది పోతే," అంటూ టీచర్ తాళంచెవి ఇచ్చి, కళ్ళు మాత్రం ఆయన మొహం మీంచి తీయకుండా అంది, "ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళినప్పుడు బీరువా తలుపు తెరిచే ఉన్నట్టుంది."

ఆయన ఆకురాయి ఆపాడు. "మీరా? వంటింట్లోకా? బాగుంది. పోలీసాఫీసరు ఇంట్లోనూ పనిచేశానమ్మా నేను, నా నెత్తిన అలా ఎవరూ నిలబడలేదు. వాసనొస్తోంది, పాలు పొంగుతున్నట్టున్నాయి అని నేనే చెప్పాను. పొంగితే పొంగనీ, నువ్వు పని కానివ్వు అన్నారు. తలుపు ఇలా తెరుచుకుందో లేదో, ఇక లేవయ్యా అన్నారు. మంచినీళ్ళు అడుగుదామనుకుని భయమేసి ఇంటికెళ్ళి తాగాను."

టీచర్‌కి నల్లగా మాడిన గిన్నె అడుగు కళ్ళ ముందు కనిపించింది. నిజమే. ఆవిడ కదల్లేదు. ఈయన్ని ఒంటరిగా వదలడం ఇష్టం లేకే పాలని వదిలేసింది. తన అనుమానమే ఈయనకి సాక్ష్యం చెబుతోంది.

మరయితే మిగిలింది మరిది. ఆ మాట ఖాయం చేసేముందు పిల్ల వైపు తిరిగింది.

"అమ్మాయ్, ఆ డబ్బాలో మేకులు కొన్ని ఇలా పెట్టు. వీటన్నిటినీ ఒకే దారంతో కలుపుకుంటూ వెళ్ళి, మొదలుపెట్టిన చోటికే రావాలి. మేకుకీ మేకుకీ మధ్య దారం తిన్నగా ఉండాలి. తనని తాను ఎక్కడా తాకకూడదు. ఏ మూడు మేకులూ ఒకే గీత మీద లేవు. ఎలా పెట్టినా కుదురుతుందని చెప్పగలవా?"

పిల్ల మేకుల వైపు చూడలేదు, టీచర్ వైపు చూసింది. "నన్నెందుకు అడుగుతున్నారండీ?"

"ఊరికే."

"ఊరికే అడగడానికి ఇంత దూరం వచ్చారా?"

"ఏయ్," అన్నాడు తండ్రి. టీచర్ మాత్రం లోలోపల ఒక మెట్టు దిగింది. ఈ చూపు తనకి బాగా తెలిసిన చూపు.

పిల్ల మేకులన్నీ ముందు ఒకే వరసలో పేర్చింది.

"అలా లేవని చెప్పానుగా," అంది టీచర్.

"అందుకేనండీ. లేవని అంత గట్టిగా చెప్పారంటే ఏదో ఉంటుంది కదా. మా నాన్న కూడా, తాళం చూడగానే లోపల ఏముందో అంటాడు."

"నోరు ముయ్యవే, టీచరుగారు ఏమనుకుంటారు," అన్నాడు తండ్రి గాభరాగా.

"అలాక్కాదు నాన్నా. ఆ షరతు తీసేస్తే ఏం విరుగుతుందో చూస్తే, అది ఎక్కడ పనికొస్తుందో తెలుస్తుంది. ఇదిగో, ఇలా ఉంటే దారం వెళ్ళిన దారినే తిరిగి రావాలి. కుదరదు." తరవాత మేకుల్ని చెదరగొట్టింది. తండ్రి సంచి కుట్టే దారం తీసి చుట్టింది. ఒకచోట దారం అడ్డంగా దాటింది. "ఇక్కడ కొసలు మారిస్తే దారం తగ్గుతుంది. పోటీలో వచ్చినట్టే." మార్చబోయి చెయ్యి ఆపేసింది. కనుబొమలు ముడిచింది. "కానీ ఒకవేళ మార్చినప్పుడు చుట్టు రెండు ముక్కలైపోతే?"

టీచర్ మేకుల మీదికి వంగింది. దారిలో ప్రశ్న తయారుచేసుకున్నప్పుడు ఆవిడకి ఈ సంగతి తట్టనే లేదు.

పిల్ల కొసలు ఒక రకంగా కలిపింది. చుట్టు రెండయింది. తల అడ్డంగా ఊపి, విప్పి, ఇంకో రకంగా కలిపింది. ఒక్కటే చుట్టుగా నిలిచింది. "రెండు రకాలుగా మార్చొచ్చండీ. ఒకటి తెగిపోతుంది, ఇంకోటి తెగదు. తెగనిదే తీసుకోవాలి. అప్పుడు సరిపోతుందనుకుంటా. ఇంకా చూడాలి."

"చూడాలి," అంది టీచర్. "పోటీలో కూడా ఇలాగే ముందు విరగ్గొట్టి చూశావా?"

"అవునండీ. రెండు చుక్కలతో విరగలేదు. అందుకని నాలుగు పెట్టాను. అంతకంటే చిన్నది ఏముంది?"

ఏముంది మరి. చుక్కలు ఒకే గీత మీద పెట్టి విరగ్గొట్టాలనుకున్నవాళ్ళు ఎవరైనా ముందు చేరేది ఆ నాలుగు చుక్కల దగ్గరికే. ఆ దారిలో ఇంతకాలం తనొక్కతే నడుస్తున్నాననుకుంది ఒకవేళ టీచర్. ఆవిడ చేసిన తప్పు అదొక్కటే.

కొత్త తాళంచెవి తీసుకుని అక్కడినుంచి తిన్నగా కార్యదర్శి ఇంటికెళ్ళింది. "నేనేమీ రాయట్లేదు. పేరు అలాగే పంపించండి. నా ముందు కవరు అంటించండి," అంది. ఆయన నవ్వుతూ అంటించాడు. ఆవిడ అంచులు నొక్కి చూసింది, ఒకవేళ ఊడితే అని.

ఇంటికొచ్చేసరికి మొగుడు గుమ్మంలోనే ఉన్నాడు. "అన్ని కేసులూ అయ్యాయా?"

"ఒకటి మిగిలింది," అని పీట, దారం సంచిలో వేసుకుని మళ్ళీ బయల్దేరింది.

మరిది తలుపు సగమే తీశాడు. వదిననీ, సంచినీ మార్చి మార్చి చూశాడు. "దేనికొచ్చావు? ఇల్లు సోదా చెయ్యడానికా?"

"ప్రశ్న తెచ్చాను. నేనే తయారు చేశాను. తాళాలాయన కూతురు ఒకచోట విరగ్గొట్టబోయింది. ఆ చుక్కలు కూడా దాని బుర్రలోంచి వచ్చినవే. మిగతాది నువ్వు విరగ్గొట్టు."

ఆయన తలుపు వదల్లేదు. "ఒకవేళ నేను మళ్ళీ ఎవరికైనా అమ్ముకుంటే?"

వదిన తలొంచుకుంది. ఆవిడ అలా తలొంచుకోవడం ఆయన అంతకుముందు చూడలేదు. అది చూశాక తలుపు పూర్తిగా తీశాడు.

"పీట ఇలా తే. టీ నువ్వే పెట్టు. పాలు మాత్రం నేను చూసుకుంటాను."