బోణీ వేళ దాచిన మాట: ఝరాసంగం నుంచి బసవకల్యాణం దాకా కరెంటు కారులో

ముందుగా తప్పు మన్నించండి. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది. మా ఊరి బడిలో ఐదో తరగతి దాకే చదివాను. ఒత్తులూ దీర్ఘాలూ నా మాట ఎన్నడూ వినలేదు. నేను కాగితం మీద రాసిచ్చిన దాన్ని మా తమ్ముని కొడుకు సంగమేశ్ ఒత్తులు సరిచేసి తన పేజీలో ఎక్కించాడు. తన కరెంటు కారులో తిరిగిన ఊళ్ల గురించి వాడే అందులో రాస్తుంటాడు. ఈ ప్రయాణం మాత్రం వాడు రాయలేకపోయాడు. "నువ్వే రాయి పెద్దనాయినా, నాతోని కాదు," అన్నాడు. వాడి మీద నేను రాసిన మాటలు కూడా తీసెయ్యొద్దని చెప్పాను. జహీరాబాద్ మీదుగా కర్ణాటక వైపు కరెంటు కారులో పోయేవాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మా నీలమ్మక్కను బసవకల్యాణం అవతలి పల్లెకు ఇచ్చారు. మూడు వారాల కింద, పొద్దున ఆరింటికి ఆమె కొడుకు బస్వరాజ్ ఫోన్ చేశాడు. "మామా, అవ్వ పోయింది. పుట్టింటి చీర వచ్చినంకనే లేపుతం. రెండింటి వరకు రా," అన్నాడు. మాలో ఆడమనిషి పోతే పుట్టింటివాళ్లు కొత్త చీర తేవాలి. ఆ చీర కట్టించే సమాధిలో కూర్చోబెడతారు. మా తమ్ముడు పోయి నాలుగేళ్లయింది. అక్కకు తోడబుట్టినవాడిని నేనొక్కణ్ణే మిగిలాను. అందుకని ఆ చీర నా చేతుల మీదుగానే పోవాలి. ఆటోలో జహీరాబాద్ పోయి, అక్కడ బస్సెక్కుదామని చెప్పులు వేసుకున్నాను. సంగమేశ్ అడ్డం వచ్చాడు. "బస్సులెందుకు పెద్దనాయినా, కారుల పోతే మూడు గంటల్ల అత్తమ్మ ఇంటి ముందర దింపుత," అన్నాడు.

వాడిది ఎరువుల దుకాణం. కారు కొని ఏడాదయింది. ఇంట్లోనే కరెంటు పెట్టుకుంటాడు. బయట పెట్టాలంటే ఎట్లరా అని ఒకసారి అడిగాను. "గదెంత పని? అవసరమొచ్చినప్పుడు ఫోన్ల పైసలు కట్టి పెట్టుకోవచ్చు. ఎంత ఎక్కిస్తె గంతకే పైసలు," అన్నాడు. ముందు రోజు వాడు హైదరాబాద్ పోయి వచ్చాడు. రాత్రి వైరు తగిలించి పడుకున్నాడు, కానీ మా ఊళ్లో కరెంటు పోయి తెల్లవారిన తర్వాత వచ్చింది. బయలుదేరేటప్పుడు కారులో ఇరవై ఏడు శాతమే ఉంది. "చిరాగ్‌పల్లి దగ్గర హోటల్ల చార్జింగ్ ఉన్నది, అర్ధగంట పెడితే సాలు," అన్నాడు వాడు. నేను ఊ అన్నాను.

ఎనిమిదీ యాభైకి ఊరు దాటాం. తొమ్మిదిన్నరకు జహీరాబాద్ బజారులో ఉన్నాం. బట్టల దుకాణం అప్పుడే తీశారు. సేటు ఇంకా అగరొత్తులు వెలిగిస్తున్నాడు. బావ ఉన్నాడు కాబట్టి అక్కకు ఆకుపచ్చ చీరే తేవాలి. ఎర్రంచు ఇలకల్ చీర ఒకటి తీశాడు, పద్నాలుగు వందలు. "పెద్దమనిషి బోణీ చేస్తున్నడు, రేటు చూసే ఇస్త. పెండ్లికా?" అని అడిగాడు. బోణీ వేళ ఎదుటివాడి దుకాణంలో నిలబడి శవం మీదికి అని ఎవరంటారు? మా వైపు అనరు. అంటే ఆ రోజంతా ఆయనకు గిరాకీ మీద గుబులే. "ఆ," అన్నాను. ఆయన సంతోషంగా ఎర్ర పెండ్లి సంచీ తీసి చీర అందులో పెట్టాడు. సంచీ మీద బంగారు రంగులో కలశం, అరటి చెట్లు ఉన్నాయి. ఆ ఒక్క "ఆ" నాకు ఇంత పడుతుందని తెలియదు.

పది నలభైకి చిరాగ్‌పల్లి ఇవతల రోడ్డు పక్క హోటల్‌కు చేరాం. వెనక రేకుల షెడ్డులో చార్జింగ్ పెట్టె ఉంది. దానికి పెట్రోలు బంకులో ఉన్నట్టే రెండు గన్నులు. ఒకదాని మీద "పని చేయదు" అని కాగితం అతికించారు. రెండోది ఒక తెల్ల కారుకు పెట్టి ఉంది. ఆ కారాయన నెత్తిన టోపీ, నలభై ఏళ్లుంటాయి, మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. షోలాపూర్ పోతున్నాడట. "ఎంతసేపు భాయ్?" అని సంగమేశ్ అడిగాడు. "గంట పడ్తది. జల్దీ ఉన్నదా?" అన్నాడాయన. అంతలో ఆయన చూపు నా ఒళ్లోని ఎర్ర సంచీ మీద పడింది. "ఓహో, పెండ్లికా! భోజనాల టైముకు అందుతరు తీయ్ చాచా, ఫికర్ చెయ్యకు," అని నవ్వాడు. నాకు చాయ్ తెప్పించబోయాడు. చావుకు పోయేవాడు దారిలో ఏమీ ముట్టడు. వద్దని చెయ్యి ఊపాను. "సమజైంది. పెండ్లి బువ్వ కోసం కడుపు ఖాళీ పెట్టుకున్నవ్!" అన్నాడు. పక్కన లారీవాళ్లు కూడా నవ్వారు. నేను తల వంచుకున్నాను.

ఆయన తీసేలోపు పైసల పని ముగిద్దామని సంగమేశ్ పెట్టె మీది క్యూఆర్ గీతలకు ఫోను చూపించాడు. చాయ్ బండి దగ్గర కట్టినట్టు నేరుగా కట్టొచ్చని అనుకున్నాం. కాదట. ఆ కంపెనీ యాప్ దింపుకోవాలి. రేకుల కింద సిగ్నల్ లేదు, రోడ్డు మీదికి పోయి నిలబడ్డాడు. యాప్ దిగడానికి ఇరవై నిమిషాలు. తర్వాత నంబరు, ఓటీపీ, కారు పేరు, కారు నంబరు. అంతా అయ్యాక, ముందుగా యాప్ లోపలి పర్సులో కనీసం ఐదు వందలు వేయాలని వచ్చింది. "ఎంత ఎక్కిస్తె గంతకే అన్నవు గదరా," అన్నాను. "పర్సుల కెల్లి గంతే తీసుకుంటరు. ముందుగాల పర్సు నిండాలె," అన్నాడు. ఐదు వందలు కొట్టాడు. బ్యాంకులో పోయాయి, పర్సులో రాలేదు. "పెండింగ్" అని పసుపు చక్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ కొట్టాడు. అవీ పోయాయి. చక్రాలు రెండయ్యాయి.

పదకొండున్నరకు నా బటన్ ఫోన్ మోగింది. బస్వరాజ్. "యాడికొచ్చిన్రు మామా?" అని అడిగాడు. అక్క శవం వాకిట్లో ఉంది. తమ్ముడు కారుకు కరెంటు పెట్టించుకోవడానికి హోటల్ ముందర కూర్చున్నాడని ఏ నోటితో చెప్పను? "చిరాగ్‌పల్లి దాటినం," అన్నాను. "అట్లయితే గంటన్నరల ఉంటరు. పీఠ వెయ్యమంటున్న," అని పెట్టేశాడు. శవాన్ని కూర్చోబెట్టే పీఠ అది. నా ముందు నుంచి హుమ్నాబాద్ బస్సొకటి పోయింది. అందులో ఎక్కుతానని సంగమేశ్‌తో అనాలనుకున్నాను. వాడు పాపం ఫోను పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు, మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. కొంతసేపటికి ఇంకో బస్సు కూడా పోయింది.

కస్టమర్ కేర్ వాళ్లు ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు, తర్వాత పాట పెట్టారు. హోటల్ గల్లా దగ్గర ఉన్నాయనను అడిగితే, "మాది జాగ వరకే అన్నా, పెట్టె కంపెనీది," అన్నాడు. పన్నెండూ నలభైకి బస్వరాజ్ మళ్లీ చేశాడు. "దగ్గరికొచ్చినం," అన్నాను. మూడోసారి మోగితే ఎత్తలేదు. ఫోనును సంచీ కింద పెట్టి దాచాను. తెల్ల కారు ఎప్పుడో తొంభై దాటింది. ఆయన ఎట్లాగూ మాకు తొందర లేదనుకుని వంద దాకా ఎక్కనీ అని వదిలేశాడు. మేమూ అడగలేదు. మా పర్సు ఖాళీ, అడిగి ఏం లాభమనుకున్నాం.

చివరికి కస్టమర్ కేర్‌లో ఒక మనిషి దొరికాడు. ఇరవై నాలుగు గంటలు ఆగమన్నాడు. సంగమేశ్ అప్పుడు అరిచాడు. "ఇరవై నాలుగు గంటలా! మా మేనత్త సచ్చిపోయిందయ్యా! చీర పట్టుకొని ఈడ కూసున్నం, శవాన్ని లేపకుంట ఆపిన్రు మాకోసం!" తెల్ల కారాయన చాయ్ గ్లాసు కింద పెట్టి లేచాడు. నా దగ్గరికొచ్చి ఎర్ర సంచీ వైపు చూశాడు, తర్వాత నా ముఖం చూశాడు.

"చాచా, మయ్యత్‌కు పోతున్నరా?" అన్నాడు.

తల ఊపాను.

"అరె అల్లా! నేను పెండ్లని మజాక్ చేస్తి. ముందే ఒక్క మాట చెప్పొద్దా? రాంగనే తీసేస్తుంటి. నా యాప్‌ల పైసలున్నయ్, మీ కారుకు దాంట్లకెల్లే పెడుతుంటి."

మాట్లాడుతూనే గన్ను పీకి మా కారుకు పెట్టాడు. తన ఫోను చూపించాడు. పెట్టె టిక్కుమంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రెండు గంటలు మేము కూర్చున్నది ఆ రెండు నిమిషాల పని కోసం. సంగమేశ్ పైసలు ఇయ్యబోతే ఆయన చేతులు జోడించాడు. "వద్దు భాయ్. నన్ను గునా చెయ్యనియ్యకుండ్రి, పాపం తగుల్తది." తన షోలాపూర్ ప్రయాణం ఆపుకొని, డెబ్భై శాతం ఎక్కేదాకా మా దగ్గరే నిలబడ్డాడు. మంచివాడు. పేరు అడగడానికి కూడా నాకు నోరు రాలేదు.

ఒకటీ యాభైకి కదిలాం. అక్కడి నుంచి రోడ్డు బాగానే ఉంది. హుమ్నాబాద్ దాటి, బసవకల్యాణం మలుపు తిరిగి, చివర పది కిలోమీటర్లు గుంతల దారి. మూడూ యాభైకి ఊళ్లోకి పోయాం. ఇంటి ముందు పీఠ లేదు. ఆడవాళ్లు వాకిలి కడుగుతున్నారు. మగవాళ్లు సమాధి దగ్గరి నుంచి తిరిగి వచ్చి కాళ్ల మీద నీళ్లు పోసుకుంటున్నారు.

బస్వరాజ్ నన్ను చూసి తిట్టలేదు. తిడితే బాగుండేది. "మామా, చిరాగ్‌పల్లి దాటినమంటివి. దగ్గరికొచ్చినమంటివి. దారిల ఏమైందో అని మనసు కొట్టుకున్నది. మూడింటి దాంక చూసినం. పెద్దలు ఇంక ఆగేది లేదన్నరు. జీప్ ఉండె మామా ఇంటి ముందర. కారు ఆగిందంటే నేనే వచ్చి తీస్కపోతుంటి," అన్నాడు. ఆమెకు కోడలి పెట్టెలోని చీర కట్టారట. వాకిలి కడుగుతున్న ఒక ముసలామె చీపురు ఆపకుండానే అంది, "తోడబుట్టినోడు ఉండి, పుట్టిల్లు లేనిదాని తీరు పాయె." నా ముఖం చూసి అనలేదు. నాకు వినబడేట్టు మాత్రం అంది.

బావ మంచం మీద ఉన్నాడు. ఆయనకు ఎనభై దాటాయి, సగం వినబడదు. సంచీ ముందు పెట్టాను. చీర బయటికి తీసి అంచు మీద వేలు రాశాడు. "పచ్చది. దానికి మంచిగుంటుండె," అన్నాడు. తర్వాత మడత పెట్టి, సంచీలో పెట్టి, నా వైపు తోశాడు. "ఇప్పుడు ఈడ కట్టేదెవరు? తీస్కపో." సమాధి మీద కప్పుతానని అడిగాను. మూసిన సమాధి మీద చీర వెయ్యరని పెద్దలు అన్నారు. పిడికెడు మట్టి మాత్రం వెయ్యనిచ్చారు. వేశాను.

తిరుగు ప్రయాణంలో, దీపాలు పెట్టే వేళకు, సంగమేశ్ ఫోను టింగుమంది. పసుపు చక్రాలు ఆకుపచ్చగా మారాయి. రెండు ఐదు వందలూ పర్సులో చేరాయి. అదే హోటల్ దగ్గర ఆగాం. షెడ్డులో ఎవరూ లేరు. యూనిట్‌కు ఇరవై రూపాయల పైన పడింది, పది యూనిట్లు ఎక్కించుకున్నాం. ఏ అడ్డమూ లేకుండా పెట్టె పని చేసింది. సంగమేశ్ దాన్ని ఒక్క తన్ను తన్నాడు. నేను వద్దనలేదు.

వాడు యాప్‌ను తిడుతున్నాడు, నన్ను ఒక్క మాట అనలేదు. కానీ యాప్ తప్పు సగమే. ఆ రోజు ముగ్గురు మనుషులు నాకు దారి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే సేటు పెండ్లి సంచీ కాకుండా మామూలు కవర్లో పెట్టి ఇచ్చేవాడు. తెల్ల కారాయన గన్ను తీసేవాడు. బస్వరాజ్ జీపు తెచ్చేవాడు. ముగ్గురినీ నేనే ఆపాను. చిన్నప్పటి నుంచి తక్కువ మాట్లాడతాడని నన్ను మంచివాడన్నారు. అక్క కూడా అట్లాగే అనేది. ఆ మంచితనం ఎందుకు పనికొచ్చిందో చూశాను.

కరెంటు కారు ఉన్నవాళ్లకు ఒక్క మాట. మీరు పోయే దారిలోని చార్జింగ్ పెట్టెలు ఏ కంపెనీవో ఇంటి దగ్గరే చూసుకోండి. ఆ యాప్ ఈ రోజే దింపుకొని, పర్సులో వాళ్లడిగే కనీసం పైసలు వేసి, ఒకసారి దగ్గరలో ఎక్కడైనా పది నిమిషాలు పెట్టి చూడండి. అవసరం వచ్చిన రోజున మొదలుపెట్టకండి. అక్కడ ఇరుక్కుంటే, ఎందుకు పోతున్నారో గట్టిగా చెప్పండి.

చీర ఇంకా నా దగ్గరే ఉంది, ఆ ఎర్ర సంచీలోనే. దాన్ని ఏం చెయ్యాలో మా ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. అక్క నెల దినానికి మళ్లీ పోవాలి, ఇంకా తొమ్మిది రోజులుంది. ఆలస్యంగా చేరిన పుట్టింటి చీరను మీ వైపు ఏం చేస్తారో తెలిసినవాళ్లు ఉంటే కింద రాయండి. సంగమేశ్ చదివి వినిపిస్తాడు. దయచేసి తొందరగా రాయండి. ఈసారైనా ఆలస్యం కానివ్వను.