వైరు తగిలించని పెట్టె

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. స్పీకర్ గుయ్యిమంటే ఎర్త్ సరిగా లేదంటానే తప్ప వేరే ఆలోచనే రాదు. హోసూరులో పాత క్యాసెట్లను సీడీలుగా మార్చే అంగడి నాది. రెండు వేల సంవత్సరం దాటిన ఆ రోజుల్లో పని బాగానే ఉండేది.

ఆ చలికాలంలో ఉద్దనపల్లిలో మా నాయన పోయాడు. నాకు ఏడుపు రాలేదు. దినాలు కాగానే వచ్చి అంగడి తెరిచాను. తిన్నాను, పడుకున్నాను, అంతే.

నాయన గొర్రెలు మాత్రం అమ్మ మాట వినలేదు. సాయంత్రం ఆయన ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిస్తే గాని దొడ్డికి వచ్చేవి కావు. అమ్మ విసిగిపోయింది.

"ఆయన పిలుపు యాడన్నా క్యాసెట్లో ఉంటే తేప్పా. లేకుంటే సంతకు తోలేస్తా" అంది. అవి కూడా పోతే ఆమెకు ఆ ఇంట్లో తోడు ఏదీ ఉండదు.

చెల్లెలి పెళ్లప్పుడు నేను చేసిన రికార్డింగులో ఆ పిలుపు ఉండేది. వెతికి తీస్తే, ఎవరో మహానుభావులు దాని మీద రేడియో పాటలు ఎక్కించేశారు. ఎక్కడైనా ఒక ముక్క మిగిలి ఉండదా అని, ఒక మధ్యాహ్నం మొత్తం టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కూర్చున్నాను.

కంప్యూటర్‌లోకి శబ్దం పంపే పెట్టెలు నా దగ్గర రెండుండేవి. పాతది లోపల బిగించిన కార్డుతో నడిచేది, కొత్తది యూఎస్‌బీది. రెండూ సవతుల్లాంటివి. కంప్యూటర్‌కు ఒకటి కనిపిస్తే రెండోది మాయం. ఆ రోజు ఎందుకో రెండూ కలిసి కనిపించాయి. చూద్దాంలే అని రెండింటి నుంచీ రికార్డింగ్ పెట్టాను. టేపు వైరు కొత్తదానికే ఉంది. పాతదానికి టేపు వైరూ లేదు, మైకూ లేదు.

కొత్తదాంట్లో పాటలే వచ్చాయి. పాతదాంట్లో నాయన పిలుస్తున్నాడు.

"బా... బా... నల్లీ, చుక్కీ... లచ్చీ, ఈడికి రావే!"

నాకు భయమేమీ వేయలేదు. మొద్దులా కూర్చుని మళ్లీ విన్నాను. ఎప్పటిదో కంప్యూటర్‌లో మిగిలిపోయి ఉంటుందనుకుని, క్యాసెట్‌కు ఎక్కించుకుని ఊరికి పోయాను.

దొడ్డి దగ్గర పెట్టాను. గొర్రెలు తలలెత్తి, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అమ్మ మొహం మాత్రం పాలిపోయింది.

"లచ్చి పేరు మీ నాయనకెట్ల తెలుసప్పా? అది ఆయన పోయినంక పుట్టిన పిల్ల. పేరు పెట్టింది నేను."

నేను ఆ పేరు వినడం అంగడిలోనే మొదటిసారి.

టేపులో మళ్లీ పిలుపు వచ్చింది. లచ్చి ఇంకా కంచె దగ్గరే ఆకు కొరుకుతోంది. అమ్మ టేప్‌రికార్డర్ వైపు తిరిగి కసిరింది.

"ఉండయ్యా, వస్తాండాది. ఊరికే అరుస్తావు!"

గొర్రెలను అమ్మలేదు. పాత పెట్టెను ఆ తర్వాత ఎన్నిసార్లు తగిలించినా కంప్యూటర్‌కు కనిపించలేదు. వైరు లేనిదాంట్లోకి ఆ గొంతు ఎట్లా వచ్చిందో, ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉండి కూడా నేను చెప్పలేను. అమ్మ అట్లా కసిరినప్పుడు మాత్రం, నాయన పోయాక మొదటిసారి నాకు ఏడుపొచ్చింది.